గట్టు మీది బట్టలు

"లంగోటీ మీద దొరికిండమ్మా నీ మొగడు. లంగోటీ మీద ఎవడన్న డ్యూటీ చేస్తడా? తానం చేస్తడు," అన్నాడు గుమాస్తా సీతారాం.

కోపంగా అనలేదు. బజారులో ధర చెప్పినట్టు చెప్పి, టేబుల్ మీది చాయ్ గ్లాసు అందుకున్నాడు. సత్తెమ్మ నీళ్ల పల్టన్ ఆఫీసు వరండా మెట్టు మీద నిలబడి ఉంది. పొద్దున ఇల్లిల్లూ తిరిగి పాలు పోసి, అట్నుంచి అటే మాదన్నపేట నుంచి చాదర్‌ఘాట్ దాకా నడిచి వచ్చింది. ముందు కమాండెంట్ సాబ్ రాలేదన్నారు. వచ్చాక మీటింగ్‌లో ఉన్నాడన్నారు. మీటింగ్ అయ్యాక సీతారాంని అడగమన్నారు. ఇప్పుడు సీతారాం ఈ మాట అన్నాడు. ఎండ మెట్టెక్కి ఆమె పాదాల మీదికి వచ్చింది.

"తానం ఏంది సారూ? మూసీ గట్లు తెంపుకొని పారుతుంటే తానం చెయ్యనీకె పోతడా మనిషి? మీ పల్టనోళ్లే పిలువనంపిండ్రు."

"పిలిచిండ్రు. కాదంటలేను. కని దొరికినప్పుడు పోలీసోళ్లు పంచనామాల ఏం రాసిండ్రు? ఒంటి మీద లంగోటీ తప్ప ఏం లెవ్వు అని. ఆన్ డ్యూటీ అంటె ఒంటి మీద యూనిఫారం ఉండాలె. రూల్ నేను రాయలేదమ్మా."

డ్యూటీలో పోతే ఇంటివాళ్లకి ఐదు వేలు. స్నానానికి పోయి పోతే ఏమీ లేదు. సత్తెమ్మకి ఉన్నవి రెండు బర్రెలు. ఒకటి వట్టిపోయింది. రెండోది మొగుడు కొండల్ చేయి మరిగిన బర్రె. ఆడమనిషి చేయి పడితే కాలు విసురుతుంది, సగం పాలైనా చేపదు. ఐదు వేలుంటే ఆమె చేతికి అలవాటయ్యే రెండు పడ్డల్ని కొనుక్కుని, ఆరేళ్ల కూతుర్ని ఒకరి గడప తొక్కకుండా పెంచుకోగలదు. లేకపోతే ఉన్న బర్రెలు కసాయికి, ఆమె ఎవరింటికో అంట్లకి. అంతకుమించి లెక్క చెయ్యడానికి ఏమీ లేదు.

సముద్రం మొహం చూడాలంటే రాత్రంతా రైలెక్కాల్సిన ఊళ్లో ఈ నీళ్ల పల్టన్ ఏమిటని కొత్తవాళ్లు నవ్వుతారు. దాని అసలు పేరు జలరక్షణ స్వచ్ఛంద దళం. బోర్డు మీద తప్ప ఆ పేరు ఎవరి నోటా రాదు. కొన్నేళ్ల కిందట మూసీ పొంగి గుడిసెలు కొట్టుకుపోయినప్పుడు, ఈత వచ్చిన మనుషులతో ఒక దళం ఉంటే బాగుండునని ఎవరో పెద్దాయనకి తోచింది. సర్కారు వెంటనే ఆర్డరు ఇచ్చింది. డ్యూటీలో పోయినవాడికి ఐదు వేలని కాగితం మీద రాసింది తప్ప, పైసలు ఇవ్వలేదు. స్వచ్ఛందమంటే అదే కదా అంది.

అప్పట్నుంచి పల్టన్ అఫ్జల్‌గంజ్ సేట్ల చందాల మీద బతుకుతోంది. చందా ఇచ్చినవాడు తనిచ్చింది కంటికి కనపడాలంటాడు. అందుకని బ్యాండు వచ్చింది, జెండా వచ్చింది, పరేడుకి నల్ల బూట్లు వచ్చాయి. నీళ్లలో పనికొచ్చేవి గట్టు మీద కనపడవు, అవి రాలేదు. ఒక పడవ ఉంది. పంద్రాగస్టుకి, రిపబ్లిక్ డేకి దానికి నీలం రంగు వేసి, బంతిపూల దండ కట్టి, లారీ మీద ఊరేగిస్తారు. అడుగున చిల్లు. లారీ మీద తేలే పడవకి అడుగుతో పనేముంది? పైన పటారం, లోన లొటారం అని మన పెద్దలు ఊరికే అనలేదు.

ఇక మనుషులు. పిలిచిన రోజుకి మూడు రూపాయలు, రెండు కప్పుల చాయ్. లీటరు పాలు రెండున్నర ఉన్న రోజుల్లో మూడు రూపాయల కోసం ఎవడూ మూసీలో దూకడు. వాళ్లు వచ్చింది ఆశతో. ఇవాళ కాకపోతే రేపు సర్కారు ఈ పల్టన్ని కలుపుకుంటుంది, అందరినీ పర్మనెంటు చేస్తుంది అని. ఈ మాట మొదట ఎవరన్నారో ఎవరికీ తెలియదు. కొండల్ ఆ మాట పట్టుకుని ఆరేళ్లు పరేడు చేశాడు. వాళ్ల సెక్షన్ లీడర్ ఇశ్రాయేలు తొమ్మిదేళ్లు చేశాడు.

"ఓ సీతారాం, ఆమెను లోపలికి పంపు," అని లోపలి నుంచి గొంతు వినిపించింది.

కమాండెంట్ రామలింగయ్య ఒకప్పుడు ఓడల్లో పనిచేసి రిటైరైనవాడు. తెల్ల మీసం, ఇస్త్రీ చొక్కా. చెడ్డవాడని ఎవరూ అనరు. ఆ రోజు సత్తెమ్మకి కుర్చీ వేయించాడు, మంచినీళ్లు తెప్పించాడు. ఆమె నేల మీదే కూర్చుంది.

"చూడమ్మా, కొండల్ అంటే నాకు కొడుకు లెక్క. వాడు హీరో. పంద్రాగస్టు నాడు ఇక్కడ సభ పెడుతున్నం. సేట్లు వస్తరు, పేపరోళ్లు వస్తరు. వాడి పేరు మైకులో చెప్తా."

"చెప్పుండ్రి సారూ. మరి గా పైసల సంగతి?"

రామలింగయ్య కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అది నా చేతుల లేదు. నేను రాసి పంపిన. పైనోళ్లు యూనిఫారం అడిగిండ్రు. గట్టిగ లేపితే ఎంక్వయిరీ వేస్తరు. ఎంక్వయిరీ అంటే తాడేది, పడవేది, గాలి ట్యూబులేవి అని అడుగుతరు. సర్కారుకు సాకు దొరికితే చాలు, పల్టన్ బంద్. అందరి పొట్ట మీద కొట్టినట్లయితది. నువ్వే ఆలోచన చెయ్యి."

ఆమె ఆలోచించింది. ఆలోచించినకొద్దీ తన మొగుడి చావు అందరి నోటికాడి బుక్కకి అడ్డం వచ్చిన పాపంలా తోచింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. 

"ఒక పని చేస్త," అన్నాడు కమాండెంట్. "నీ మరిది ఉన్నడు కదా, మల్లన్న. అన్న జాగాల తమ్ముణ్ణి తీసుకుంట. రేపు పర్మనెంటు అయితే వాడే ముందుంటడు. సభల నీ చేతులతోటే వాడికి కొండల్ యూనిఫారం తొడిగియ్యి. నీ దగ్గరనే ఉంది గద? కొత్త జత కొనే తాకత్ మాకు లేదు. జర ఇస్త్రీ చేయించి తీసుకురా."

సత్తెమ్మ బయటికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. మాదన్నపేటలో సందు మలుపు తిరగకముందే బర్రె అరుపు వినపడింది. పొదుగు నిండి, పిండేవాళ్లు లేక అరుస్తోంది. ఆమె పరుగెత్తింది.

*

కొండల్ బట్టలన్నీ దినాల రోజున చాకలామె మూటగట్టుకుని పోయింది. పోయినవాడి బట్ట ఇంట్లో ఉంచకూడదు, అది రివాజు. పంచెలు, బనీన్లు, పెళ్లినాటి టెర్లిన్ చొక్కా కూడా ఇచ్చేశారు. ఖాకీ జత మీద చేయి వేసినప్పుడు మాత్రం సత్తెమ్మ అడ్డం పడింది. "అవి మనయి కావు, సర్కారువి," అంది. చాకలామె చేయి వెనక్కి తీసుకుంది. సర్కారు బట్టకి మైల ఉంటుందో ఉండదో పెద్దవాళ్లెవరికీ తెలియలేదు.

అట్లా ఆ జత దూలానికి వేలాడే ఉట్టి మీద మిగిలింది. చొక్కా, ప్యాంటు, బెల్టు, టోపీ, బూట్లు. బూట్లలో మేజోళ్లు కుక్కి ఉన్నాయి. మడతలు కొండల్ పెట్టినవే. ఆమె విప్పలేదు.

సంగతి విని మల్లన్న ఎగిరి గంతేశాడు. ఇరవై దాటని వయసు, మాదన్నపేట మార్కెట్లో కూరగాయల మూటలు మోసే పని. మెడ వెనక మూట ఒరుసుకుని కాయ కాసింది.

"వదినె, మస్తు మాట చెప్పిండు సాబ్! నేను ఊకనే అనుకోలే."

"నీ అన్నకు గూడ గిట్లనే చెప్పిండ్రు."

"అన్నది వేరే. గిప్పుడైతే సభల చెప్తుండ్రు, మందిల. తప్పనీకె రాదు." కాసేపాగి గొంతు తగ్గించాడు. "వదినె, మార్కెట్ల నన్ను పేరు పెట్టి ఒక్కడు పిలువడు. అరే ఇటు రా, ఒరే అటు పో. గా ఖాకీ ఏసుకుంటె గట్ల అంటరా?"

అతని మాట అబద్ధం కాదు. కొండల్ కూడా ఖాకీ వేసుకున్న రోజున సైకిలు మీద వేరేగా కూర్చునేవాడు. పాలు కొనే పంతులు కూడా ఆ రోజు "ఏమయ్యా" అనేవాడు.

"మల్లా, మళ్ల మూసీ వస్తె?"

"అచ్చినప్పుడు సూద్దాం. రోజు అస్తదా మూసీ?" అని నవ్వాడు. అన్న నవ్వే. సత్తెమ్మ మొహం తిప్పుకుని కుడితి గోళెం వైపు వెళ్లిపోయింది.

మర్నాడు సాయంత్రం ఇశ్రాయేలు వచ్చాడు. ఉప్పుగూడ స్టేషన్ దగ్గర రైల్వే గ్యాంగులో కాంట్రాక్టు కూలి. పట్టాల కింద కంకర కొట్టి కొట్టి అరచేతులు కాయలు కాశాయి. వస్తూ వస్తూ పచ్చగడ్డి మోపు తెచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు, గడప బయటే కూర్చున్నాడు.

"సభల యూనిఫారం ఇస్తున్నవట గద చెల్లె?"

"ఇయ్యమన్నరు."

"ఇయ్యి. మంచిదే." అని మోపు కట్టు విప్పాడు. మళ్లీ కట్టాడు. "నేను ఒక మాట నీకు చెప్పలే."

ఆమె పాల గిన్నె కింద పెట్టింది.

ఆ రోజు జరిగింది ఆమెకి చాలామంది చెప్పారు. పై చెరువు గేట్లెత్తారు. చాదర్‌ఘాట్ వంతెన దిగువన గుడిసెలు మునిగాయి. ఒక మట్టిదిబ్బ మీద కొంతమంది చిక్కుకుపోయారు. పల్టన్‌కి కబురు వెళ్లింది. కొండల్ పాలు పోసి ఇంటికొచ్చి, ఖాకీ తొడుక్కుని, సైకిలుకి ఉన్న ఖాళీ క్యాన్లు దించకుండానే గట్టుకి వచ్చాడు. తాడు అడిగితే లేదన్నారు. ముందు ఆదివారం ఎవరో సేటుకి సన్మానం జరిగితే షామియానా కట్టడానికి పట్టుకెళ్లారు, ఇంకా తిరిగి రాలేదు. అప్పుడు కొండల్ రెండు పాల క్యాన్లకి మూతలు బిగించి, బర్రె పగ్గంతో కలిపి నడుముకి కట్టుకున్నాడు. ఆ క్యాన్ల మీదే ఒకసారి ఒక తల్లినీ బిడ్డనీ, ఇంకోసారి ఒక ముసలామెనూ గట్టుకి తెచ్చాడు. మూడోసారి పగ్గం తెగింది. మర్నాడు ముసారాంబాగ్ అవతల బురదలో దొరికాడు. సొట్టపోయిన క్యాను ఒకటి ఆ పక్కనే దొరికింది. ఇదంతా ఆమెకి తెలుసు.

"బట్టలు," అన్నాడు ఇశ్రాయేలు. "బట్టలు ఎందుకు ఇప్పిండో తెలుసా?"

"నీళ్లల్ల దిగేటోడు బట్టలిప్పడా అన్నా?"

"ఇప్పుతడు. గది నిజమే. కని గా రోజు సాబ్ గట్టు మీద నిలబడి ఆర్డరిచ్చిండు. 'యూనిఫారం ఇప్పి దిగుండ్రి, పంద్రాగస్టు పరేడ్ ఉన్నది, పాడైతే కొత్తయి రావు, పైసలు మీ అలవెన్సుల పట్టుకుంట' అన్నడు. అందరం విన్నం. కొండల్ నవ్విండు. 'బురదల పొర్లనిస్తనా సాబ్' అన్నడు. బూట్లల్ల మేజోళ్లు పెట్టి, అంగీ లాగు మడతబెట్టి నా చేతుల పెట్టి, 'అన్నా, తడువనియ్యకు, అచ్చి తొడుక్కుంట' అన్నడు. నేను గట్టు మీద గీ బట్టలు పట్టుకొనే నిలబడ్డ. వాడు మునిగేటప్పుడు గూడ గివి నా చేతులనే ఉన్నయి."

ఇశ్రాయేలు కండువాతో ముక్కు తుడుచుకున్నాడు.

సత్తెమ్మ గడప దాకా వచ్చి, "గీ మాట సీతారాం సారుకు చెప్పరాదె అన్నా," అంది. "ఒక్క నువ్వు చెప్పినా చాలు."

ఇశ్రాయేలు లేచి నిలబడ్డాడు. "నా పేరు తియ్యకు చెల్లె. తొమ్మిదేండ్లు. గ్యాంగుల ఎప్పుడు తీసేస్తరో తెల్వది. గీ పల్టన్ పర్మనెంటు అయితదని నా పెండ్లాం లీలమ్మ ప్రతి ఐతారం చర్చిల దువా చేస్తది. నీకు చెప్పకుండ ఉండలేకపోయిన. అంతే."

అతను వెళ్లిపోయాక ఆమె ఉట్టి దించింది. బూటులో చేయి పెట్టి మేజోడు తీసి చూసింది. పొడిగా ఉంది. ఒక్క బొట్టు తడి లేదు. అంత మొగుడు మూసీలో కొట్టుకుపోతే, ఈ రెండు గుడ్డముక్కల్ని మాత్రం అందరూ కలిసి భద్రంగా కాపాడారు. ఆమెకి ఆ పూట మొదటిసారి ఏడుపు కాక కోపం వచ్చింది. ఎవరి మీద అంటే చెప్పలేకపోయింది; అందరి మీదా వచ్చింది, చచ్చిపోయినవాడి మీద కూడా.

*

పంద్రాగస్టు నాడు పల్టన్ ఆవరణలో షామియానా వేశారు. తోరణాలు కట్టారు. పక్కన లారీ మీద నీలం పడవ, దండతో సహా. మల్లన్న తలకి నూనె రాసుకుని, గడ్డం గీయించుకుని, వదిన వెనక మూట పట్టుకుని వచ్చాడు. మూట వేదిక మెట్ల దగ్గర ఆమె తీసుకుంది. "నేను పట్టుకుంటలే," అంది.

సత్తెమ్మని ముందు వరసలో కూర్చోబెట్టారు. ఆమె కళ్లు షామియానా మూల మీద పడ్డాయి. అక్కడ బొటనవేలంత లావు తెల్ల తాడు గుంజ నుంచి లారీ దాకా లాగి కట్టి ఉంది. పక్కన పల్టన్ మనుషులు వరసగా నిలబడి ఉన్నారు. ముందు ఇశ్రాయేలు. ఆమె అతన్ని చూసి కళ్లతోనే ఆ తాడు చూపించింది. అతను తల దించుకున్నాడు. అదే తాడు.

సభ చాలాసేపు సాగింది. బెల్లం సేటు ఒకాయన లేచి, కొండల్ పేరు మీద ఆవరణకి పెద్ద కమాను కట్టిస్తానని, దాని మీద రెండు పేర్లూ ఉంటాయని చెప్పాడు. రెండో పేరు ఎవరిదో వేరే చెప్పనక్కర్లేదు. చప్పట్లు కొట్టారు. ఇంకొకాయన బ్యాండుకి కొత్త డ్రమ్ములు ఇస్తానన్నాడు. అడుక్కునేవాడి దగ్గర గీక్కునేవాడన్నట్టు, చచ్చినవాడి పేరు మీద కూడా వాళ్ల పేర్లే గీక్కుంటున్నారు. తాడు కొందామని ఒక్కడూ అనలేదు. తాడు మీద పేరు రాయడానికి చోటుండదు.

చివరికి కమాండెంట్ మైకు ముందుకి వచ్చాడు. గొంతు సవరించుకున్నాడు.

"మిత్రులారా! మన కొండల్ డ్యూటీలో ప్రాణం అర్పించిన వీరుడు. తన ప్రాణం కంటే డ్యూటీ ముఖ్యమనుకున్న వీరుడు."

సత్తెమ్మ తల ఎత్తింది.

"ఆ వీరుడి భార్య ఇవాళ తన చేతులతో, తన మరిదికి అదే యూనిఫారం తొడిగి మళ్లీ డ్యూటీకి పంపుతోంది. ఇంతకంటే త్యాగం ఏముంటుంది? రామ్మా సత్తెమ్మా. మల్లన్నా, రా."

వేదిక ఎక్కించారు. ఆమెకి ఒక కుర్చీ వేశారు. మల్లన్నని చొక్కా విప్పమన్నారు. అతను గబగబా విప్పి కుర్చీ వీపు మీద వేసి, బనీనుతో నిలబడ్డాడు. బనీను భుజం దగ్గర చిరుగు ఉంది. దాన్ని చేత్తో కప్పుకున్నాడు. ఫోటోగ్రాఫరు మోకాలి మీద కూర్చున్నాడు. తొడిగే సమయానికి వాయించాలని బ్యాండువాళ్లు బాకాలు పెదాల దాకా ఎత్తారు.

సత్తెమ్మ మూట ఒళ్లో పెట్టుకుని కూర్చునే ఉంది.

"లేమ్మా," అన్నాడు కమాండెంట్, నవ్వుతూనే.

"సారూ, గిప్పుడు మైకుల ఏమన్నరు? డ్యూటీల పోయిండు అన్నరు గద?"

"అవునమ్మా. లే."

"గా మాట లోపల సీతారాం సారు దగ్గర గూడ అనుండ్రి. ఆడికి పోతె తానానికి పోయిండంటరు. ఈడికొస్తె డ్యూటీల పోయిండంటరు. ఒక్కడే మనిషి గద సారూ. నా మొగడు ఎట్ల చచ్చిండో ఒక్క తీరుగ చెప్పుండ్రి."

ముందు వరసల్లో గుసగుస మొదలైంది. కమాండెంట్ మైకుకి చేయి అడ్డం పెట్టాడు. "సత్తెమ్మా, ఇది టైము కాదు. తర్వాత మాట్లాడుకుందం. మల్లన్న సంగతి ఆలోచించు. పిల్లగాడి లైఫ్."

"గదే ఆలోచన చేస్తున్న సారూ." ఆమె మూట మీద చేయి వేసింది. "గీ బట్టలు ఆయన ఊకనే ఇప్పలే. అచ్చి తొడుక్కుంటనని చెప్పి ఇచ్చి పోయిండు. ఇంకా రాలే. అంటె ఆయన డ్యూటీ ఇంకా ఒడువలే, అయిపోలే. ఒడిసిందని మీరు చెప్పుండ్రి, డ్యూటీల పోయిండని రాసియ్యుండ్రి, అప్పుడు ఇస్త. గప్పటిదాక గివి ఆయనయి. ఇంకొకలకు తొడుగ. గా తాడు షామియానాకుంటె నా మరిదిని నీళ్లకు పంప."

మల్లన్న మొహం ఎర్రబడింది. "వదినె, ఏందిది, మందిల..." అన్నాడు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. ఖాకీ చేతికి అందేంత దూరంలో ఉంది. సత్తెమ్మ అతని వైపు చూడలేదు. చూస్తే తన పట్టు సడలుతుందని ఆమెకి తెలుసు.

కమాండెంట్ మొహంలో నవ్వు ఇంకా ఉంది, కానీ మీసం కింద పెదాలు బిగుసుకున్నాయి. ముందు వరసలో బెల్లం సేటు గడియారం చూసుకున్నాడు. కమాండెంట్ వరస వైపు తిరిగాడు.

"సెక్షన్ లీడర్! ఆమెకు ఒంట్లో బాగలేనట్లుంది. యూనిఫారం తీసుకుని మల్లన్నకు ఇయ్యి."

ఇశ్రాయేలు కదిలాడు. తొమ్మిదేళ్లుగా ఆర్డరు వినగానే కదిలిన కాళ్లు అవి. మెట్లెక్కాడు, ఆమె ముందుకి వచ్చాడు, వంగి రెండు చేతులూ చాచాడు. ఆ రోజు గట్టు మీద కొండల్ ముందు కూడా అట్లాగే చాచాడు.

సత్తెమ్మ మూట వెనక్కి లాక్కోలేదు. అతని మొహంలోకి చూసింది. "నీ పేరు తియ్యలే అన్నా," అంది మెల్లగా, అతనికి మాత్రమే వినపడేట్టు. "తియ్య గూడ తియ్య. తీసుకుంటె తీసుకో."

చాచిన చేతులు అట్లాగే ఉన్నాయి. కంకర కొట్టిన అరచేతులు. ఫోటోగ్రాఫరు ఇదే సమయమనుకుని ఒక ఫోటో తీశాడు. వెలుగు పడి ఆరిపోయింది.

ఇశ్రాయేలు చేతులు దించేశాడు.

"నాతోని కాదు సాబ్."

"వాట్?"

"బట్టలిప్పి దిగుమన్నది మీరే. నేను పక్కనే ఉన్న. విన్న." మైకు అక్కడికి దగ్గరే ఉంది. మాట షామియానా చివరిదాకా పోయింది. "ఇప్పుమన్నది మీరే, ఇప్పిండు గాబట్టి డ్యూటీ కాదన్నది మీరే. ఇప్పుడు గుంజుకోమంటున్నరు. నాతోని కాదు."

ఆ మాట అన్నాక ఏం పోగొట్టుకున్నాడో అతనికి తెలుసు; లీలమ్మ ఆదివారాల దువాలన్నీ కళ్ల ముందు మెదిలాయి. అయినా మెట్లు దిగి వరసలోకి పోలేదు. అక్కడే, సత్తెమ్మ కుర్చీ పక్కన నిలబడ్డాడు. కింద వరసలోని మనుషులు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఎవరూ కదలలేదు.

కమాండెంట్ చేత్తో సైగ చేశాడు. ఏం చెయ్యమన్నాడో అర్థంకాక, తమని వాయించమన్నాడనుకుని బ్యాండువాళ్లు వాయించడం మొదలుపెట్టారు. కొత్త పాట, పెద్ద శబ్దం. సేట్లు కుర్చీల్లోంచి లేవాలో కూర్చోవాలో తెలియక సగం లేచారు.

ఆ మోతలో మల్లన్న కుర్చీ వీపు మీది తన పాత చొక్కా చేతిలోకి తీసుకున్నాడు. తొడుక్కోలేదు. వదిన ఒళ్లో ఉన్న ఖాకీ మడతల్నీ, షామియానా మూలన బిగించి కట్టిన తెల్ల తాడునీ మార్చి మార్చి చూస్తూ, చిరిగిన బనీనుతో అందరి ముందూ అట్లాగే నిలబడిపోయాడు.